బోర్డు వెలగలేదని దారి మార్చేస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. ఎంబెడెడ్ రంగంలోకి (పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రాములు రాసే పని) వెళ్తానంటూ, ప్రోగ్రామ్ ఎక్కించి నేర్చుకునే ఈఎస్‌పీ32 అనే చిన్న సర్క్యూట్ బోర్డు తెప్పించుకుంది. నాలుగు రోజులైనా కంప్యూటర్ దాన్ని గుర్తించడం లేదు. నిన్న రాత్రి ఏడ్చింది కూడా. ఈ రంగం తనకు సరిపడదేమోనని భయంగా ఉంది. నగరంలో ఒక సంస్థ 45 రోజుల ఐఓటీ (పరికరాలను ఇంటర్నెట్‌కు కలిపే విద్య) కోర్సు 38 వేలకు, కిట్టుతో సహా ఇస్తామంటోంది. అందులో చేర్చాలా, లేక పైథాన్ నేర్పించి సాఫ్ట్‌వేర్ వైపు పంపాలా? రెండింటినీ పోల్చి చెప్పండి మేడమ్.
ఒక తండ్రి, గాజువాక

జవాబు: ముందు కేబుల్ మార్చమనండి.

పరిహాసానికి అనడం లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. చాలావాటిలో దోషం పిల్లలది కాదు, ఇంట్లో దొరికిన ఫోను కేబుల్‌ది. చవక రకం ఛార్జింగ్ కేబుల్‌లో కరెంటు మోసే రెండు తీగలే ఉంటాయి, డేటా మోసే తీగలు ఉండవు. అందుకే బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం అక్కడ బోర్డు ఉన్నట్టే తెలియదు. దీపం వెలుగుతోంది కాబట్టి తప్పు తనదేనని ఆ పిల్ల అనుకుంటుంది.

కిందటేడు ద్వారకానగర్‌లోని నా గదికి ఒక కుర్రాడు బోర్డును రుమాలులో చుట్టి తెచ్చాడు. అప్పటికే రెండుసార్లు విండోస్ తీసేసి మళ్లీ వేశాడట. సొరుగులోంచి నా కేబుల్ తీసి ఇచ్చాను. కంప్యూటర్‌కు తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఒక పేరు కనిపించింది. ఆ బోర్డును యూఎస్‌బీతో కలిపే సీహెచ్340 చిప్‌కు డ్రైవర్ (దాన్ని కంప్యూటర్ గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్) వేశాక గుర్తు పోయి, బోర్డుతో మాట్లాడే దారి అయిన కామ్ పోర్టు నంబరు వచ్చింది. ప్రోగ్రామ్ ఎక్కించబోతే ‘కనెక్టింగ్’ అంటూ చుక్కలు వరుసగా పడి, చివరికి టైమ్ అవుట్ అంది. అతని ముఖం మళ్లీ వాడిపోయింది. బోర్డు అంచున ‘బూట్’ అని రాసి ఉన్న బుల్లి మీటను, చుక్కలు పడుతున్నంతసేపూ నొక్కి పట్టుకోమన్నాను. చుక్కలు ఆగి శాతాలు కదిలాయి. నీలి దీపం సెకనుకోసారి వెలిగి ఆరసాగింది. “ఇంతేనా మేడమ్?” అన్నాడు. ఇంతే. (ఈ దీపం అన్ని ఈఎస్‌పీ32 బోర్డుల్లోనూ ఉండదు, ఉన్నా పిన్ను నంబరు వేరు కావచ్చు. ప్రోగ్రామ్ ఎక్కాక కూడా వెలగలేదని మీ అమ్మాయి మళ్లీ బెంగపెట్టుకోకూడదు.)

ఇక మీ సంగతి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ నీలి దీపం ఇంకా వెలగనే లేదు, మీరు అప్పుడే ఉద్యోగాలు పోలుస్తున్నారు. కొత్త మోటారు బిగించిన రోజే తిరగకపోతే, బిగించినవాడికి ఆ పని రాదని తేలుస్తారా? నాలుగు రోజులు ఒకే సమస్యను పట్టుకుని కూర్చున్న పిల్లకు ఓపిక ఉన్నట్టా, లేనట్టా? ఆ ఏడుపును చూసి మీరు భయపడ్డారు. నాకైతే అందులో పట్టుదల కనిపిస్తోంది. “నీకు సరిపడదేమో” అని ఆమె ముందు అన్నారా? అని ఉంటే, కేబుల్ కంటే ముందు ఆ మాటను సరిచేయండి.

ఐఓటీ కోర్సు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అలాంటి చాలా చోట్ల డ్రైవర్లు ముందే వేసి ఉంటాయి, ప్రోగ్రామ్ ముందే రాసి ఉంటుంది. పిల్లలు ఉష్ణోగ్రత, తేమ కొలిచే డీహెచ్‌టీ11 సెన్సర్‌కు మూడు తీగలు కలిపి, గది ఉష్ణోగ్రతను ఫోనులో చూసి, సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి వస్తారు. నా బల్ల మీదికి వచ్చే రెజ్యూమేల్లో మొక్కలకు నీళ్లు పోసే యంత్రం, నిండితే సందేశం పంపే చెత్తబుట్ట, ఈ రెండే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. 3.3 వోల్టుల పిన్నుకు 5 వోల్టులు ఇస్తే ఏమవుతుందని అడిగితే నేల చూపులు చూస్తారు. మీ అమ్మాయి నాలుగు రోజులుగా ఇంట్లో ఉచితంగా చేస్తున్న కుస్తీని తప్పించడానికే ఆ సంస్థ 38 వేలు అడుగుతోంది. నేర్పాల్సింది ఆ కుస్తీనే. చేర్చాలనే ఉంటే, డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడగండి: ఖాళీ కంప్యూటర్‌లో మొదటినుంచి అన్నీ విద్యార్థి చేతే వేయిస్తారా?

పోల్చమన్నారు కదా. సాఫ్ట్‌వేర్‌లో అవకాశాలు ఎక్కువ, క్యాంపస్‌కు వచ్చే కంపెనీలూ ఎక్కువ. ఎంబెడెడ్‌లో తొలి ఉద్యోగం దొరకడానికి సమయం పడుతుంది, సీ భాష గట్టిగా రావాలి, డేటాషీట్ (చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చదివే అలవాటు కావాలి. అయితే రెండో సంవత్సరంలోనే ఒక తలుపు మూసేయాల్సిన పని లేదు. చిన్న చిప్‌ల కోసం చేసిన పైథాన్ రూపం, మైక్రోపైథాన్, ఆ ఈఎస్‌పీ32 మీదే నడుస్తుంది, పైథాన్ కూడా ఆ బల్ల దగ్గరే నేర్చుకోవచ్చు. మన ఊరు దాటి ఆలోచించాల్సిన అవసరమూ లేదు. పెదగంట్యాడ దగ్గరి మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి, అలాంటి పరికరాల్లోనూ ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్లే (పరికరాన్ని నడిపే చిప్‌లు) ఉంటాయి.

ప్రస్తుతానికి ఒక మల్టీమీటర్, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక), రెండు మంచి డేటా కేబుళ్లు కొనివ్వండి. మూడు వేలలోపే అయిపోతుంది. బోర్డులను కలిపే జంపర్ తీగలను మూత ఉన్న డబ్బాలో పెట్టమనండి, మన ఉప్పుగాలికి వాటి మొనలు త్వరగా మసకబారతాయి. కేబుల్ మార్చాక కూడా పోర్టు కనిపించకపోతే ఆమె డ్రైవర్ సంగతి చూసుకుంటుంది. మీరు టీ ఇచ్చి బయటికి వచ్చేయండి. పాత కేబుల్‌ను పారేయకండి. గుర్తుకు ఒక దారం కట్టి మీ ఫోనుకు వాడుకోండి.