ఏటీఎం స్విచ్ ఉద్యోగం వచ్చింది, చేరమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ పూర్తిచేశాడు. మాదాపూర్‌లో ఒక కంపెనీ విదేశీ క్లయింటు నెట్‌వర్క్ చూసే ఉద్యోగం ఇస్తానంటోంది. ఏటీఎం స్విచ్‌ల మీద వర్చువల్ పోర్టులు కాన్ఫిగర్ చేయడం పని అట. వాడి ఫ్రెండ్సేమో అది పాతబడిపోయింది, అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సు చెయ్యి అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: చేరమనండి. అయితే కాన్ఫిగరేషన్ నిజంగా అతని చేతికిస్తారా, లేక అలారాలు చూస్తూ టికెట్లు రాసే పనేనా అన్నది ముందే కనుక్కోవాలి. రెండోదైతే వద్దు.

ఫ్రెండ్స్ చెప్పింది అబద్ధమేం కాదు. ఇది డబ్బులు తీసుకునే ఏటీఎం కాదు, అసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్. డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి పంపడానికి 1990లలో టెలికాం కంపెనీలు నెత్తిన పెట్టుకున్న పద్ధతి. తర్వాత ఐపీ (ఇంటర్నెట్ నడిచే పద్ధతి), ఎంపీఎల్‌ఎస్ (ప్యాకెట్లకు లేబుల్ తగిలించి పంపే పద్ధతి) ఊపందుకుని దాన్ని పక్కకు నెట్టేశాయి. మీ ఇంట్లో ఒకప్పుడు బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఉంటే, మోడెం సెట్టింగుల్లో వీపీఐ 0, వీసీఐ 35 అని కొట్టిన గుర్తుండాలి. ఆ అంకెలు ఏటీఎంవే, డేటా ఏ దారిన పోవాలో చెప్పే గుర్తులు.

మరి ఎందుకు చేరమంటున్నానంటే, ఆ పనిలో నేర్చుకునే సరుకుంది. స్విచ్ నుంచి ప్రొవైడర్ (లైను ఇచ్చే టెలికాం కంపెనీ) వైపు వెళ్లే 155 మెగాబిట్ల ఫిజికల్ పోర్టు ఒకటే ఉందనుకోండి. దాని మీదుగానే నాలుగైదు ఊళ్ల ఆఫీసులకు దారులు వేయాలి. ఒక్కో ఊరికి ఒక వర్చువల్ పోర్టు పెట్టి, ప్రొవైడర్ ఇచ్చిన వీపీఐ, కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ దానికి కేటాయిస్తారు. ఒక ఊరికి 10 మెగాబిట్లే కొన్నారనుకోండి. ఏటీఎం డేటాను సెల్స్ అనే చిన్న ముక్కలుగా పంపుతుంది. ఒక సెల్ 53 బైట్లు, అంటే 424 బిట్లు. లెక్క వేస్తే సెకనుకు సుమారు 23,584 సెల్స్. ఆ పోర్టు నుంచి అంతకు మించి బయటికి పోకుండా షేపింగ్ (వేగానికి కళ్లెం) పెట్టాలి. పెట్టడం మరిచిపోతే వచ్చే చిక్కు చిత్రంగా ఉంటుంది: లింకు అప్ అనే చూపిస్తుంది, పింగ్ (లింకు పనిచేస్తోందా అని చూసే చిన్న సందేశం) వెళ్తుంది, పెద్ద ఫైలు మాత్రం నత్తనడకే. ప్రొవైడర్ స్విచ్ అదనపు సెల్స్‌ను పారేస్తూ ఉంటుంది మరి, దాన్నే పోలీసింగ్ అంటారు. 1500 బైట్ల ప్యాకెట్ 32 సెల్స్‌గా విడిపోయి వెళ్తుంది. అందులో ఒక్కటి పోయినా ప్యాకెట్ మొత్తం దండగ.

ఒక రాత్రంతా లాగ్‌లు తిరగేసి ఈ తప్పు పట్టుకున్న కుర్రాడు షేపింగ్‌నీ పోలీసింగ్‌నీ జన్మలో మరిచిపోడు. ఈ రెండూ ఇవాళ్టి ఈథర్నెట్ లింకుల మీదా ఉన్నాయి. ఒకే పోర్టు మీద వీలాన్‌లతో (ఒకే లైనును విడివిడి నెట్‌వర్కులుగా పంచే పద్ధతి) సబ్-ఇంటర్‌ఫేస్‌లు పెట్టడం కూడా ఇదే ఆలోచన. ఎంపీఎల్‌ఎస్‌లో లేబుల్ ప్రతి మజిలీలో మారుతుందంటే తెల్లమొహం వేసేవాళ్లు చాలామంది. వీపీఐ, వీసీఐ అలా మారడం స్విచ్ మీద చూసినవాడికి అది కొత్త కాదు. మైత్రీవనం చుట్టుపక్కల క్లౌడ్ బోర్డులకు లోటు లేదు కానీ, నెట్‌వర్క్ తెలియకుండా ఆ కోర్సు చేసినవాళ్లు ఇంటర్వ్యూలో సబ్‌నెట్ (నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడదీయడం) దగ్గరే ఆగిపోతున్నారు.

అలాగని అక్కడే పాతుకుపోకూడదు. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. ఈలోగా సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ పరీక్ష) రాయాలి. కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసే జీఎన్‌ఎస్3 సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో చిన్న ఏటీఎం స్విచ్ కూడా ఉంది. చేరేలోపు ఇంట్లోనే కాస్త చేయి తిప్పుకోమనండి. క్లయింటు ఎప్పుడో ఒకప్పుడు ఆ పాత లింకులను ఈథర్నెట్‌కు మార్చక తప్పదు. ఆ మైగ్రేషన్ టీమ్‌లో తన పేరు వేయించుకోవాలి. రెజ్యూమెలో బరువుండే లైను అదే.

విదేశీ క్లయింటు కాబట్టి నైట్ షిఫ్టులు ఉంటాయి. క్యాబ్ ఇస్తారా, బాండ్ ఎన్నాళ్లు అన్నది ఆఫర్ లెటర్‌లో చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే మాత్రం ఆ ఉద్యోగం వదిలేయమనండి.