మొదటి పాటే హిట్టయిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ ర్యాప్ పాట మళ్లీ మళ్లీ విన్నాను. రెండో వెర్స్‌లో, అంటే రెండో చరణంలో, బీట్ (వెనక మోగే సంగీతం) ఆగిపోయి నీ గొంతు ఒక్కటే మిగిలే ఆ నాలుగు బార్లు, అంటే లైన్లు, ఉన్నాయే, నువ్వు రాయగలిగినవాడివని నాకు అక్కడే తెలిసింది. జనం హుక్, అదే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, పాడుకుంటున్నారు, పాడుకోనీ. ఇప్పటికి వాళ్లకి తెలిసింది పాటే, నువ్వు ఇంకా తెలియదు. పాట వేడి తగ్గేలోపు వాళ్లకి నువ్వు తెలియాలి, ఆ పాట మీద హక్కు కూడా నీ చేతుల్లోనే ఉండాలి. ఈ రెండు పనుల కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఫోన్లు ఆగట్లేదన్నావు కాబట్టి ముందు కాగితాల సంగతి. బీట్ లీజుకు (షరతుల మీద వాడుకోడానికి) తీసుకున్నావా, ఎక్స్‌క్లూజివ్‌గా (నీ ఒక్కడికే చెందేలా) కొన్నావా? లీజయితే ఆ కాగితం ఈ రాత్రే తీసి చదువు. ఇన్ని స్ట్రీమ్‌ల వరకే అని ఒక పరిమితి, వీడియోకీ షోలకీ వేరే షరతులు, అదే బీట్‌ని ఇంకొకరికి అమ్ముకునే హక్కు, ఇవి చాలా లీజుల్లో ఉంటాయి. పాట చిన్నదిగా ఉన్నంతకాలం ఎవరూ అడగరు, పెద్దదయ్యాక అందరికీ గుర్తొస్తుంది. పరిమితి దాటకముందే ప్రొడ్యూసర్‌కి నువ్వే ఫోన్ చెయ్యి. బీట్‌లో ఏదైనా శాంపిల్, అంటే వేరేవాళ్ల రికార్డింగ్‌లోంచి తీసిన ముక్క, ఉందేమో అది కూడా అడుగు, మొహమాటపడకు. అమెరికన్ ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ తన తొలి సింగిల్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’ బీట్‌ని నెదర్లాండ్స్ ప్రొడ్యూసర్ యంగ్‌కియో దగ్గర ఆన్‌లైన్‌లో 30 డాలర్లకే కొన్నాడు. అందులో వినిపించే బాంజో, నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బ్యాండ్ 2008 ఆల్బమ్‌లోని శాంపిల్. పాట పెద్దదయ్యాక ఆ బ్యాండ్‌లోని ట్రెంట్ రెజ్నర్, అట్టికస్ రాస్ పేర్లు రచయితల జాబితాలోకి వచ్చాయి.

హుక్ ట్యూన్ మీ ఫ్రెండ్ హమ్ చేస్తే పుట్టిందన్నావు కదా. అతని పేరు, అతని శాతం ఇప్పుడే రాసెయ్. స్ప్లిట్ షీట్ అంటే ఒక్క పేజీయే, ఎవరు ఏం చేశారు, ఎవరికెంత, మొత్తం కలిపితే 100, కింద అందరి సంతకాలు. 1979లో వచ్చిన షుగర్‌హిల్ గ్యాంగ్ బృందం తొలి సింగిల్ ‘ర్యాపర్స్ డిలైట్’తో ర్యాప్ మొదటిసారి అమెరికా టాప్ 40లోకి వెళ్లింది. అందులో ఆ బృందంలోని బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన లైన్లలో చాలా భాగం గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అనే ఇంకో ర్యాపర్ రాసుకున్నవి. క్యాజ్‌కి పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. ఇన్నేళ్లయినా ఆ పాట గురించి మాట్లాడినప్పుడల్లా ఆ అన్యాయం కూడా మాటల్లోకి వస్తుంది. నీ పాట వెనక అలాంటి మనిషి ఒక్కడు కూడా మిగలకూడదు.

ఇక లేబుల్ వాళ్లు, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ వాళ్లు. అడ్వాన్స్ ఎంత పెద్దదైనా దాన్ని నీ వాటాలోంచే రాబట్టుకుంటారు. మాస్టర్, అంటే అసలు రికార్డింగ్, ఎవరి పేరు మీద ఉంటుంది, ఎన్నేళ్లు, ఎన్ని పాటలు రాసివ్వాలి, షోల డబ్బులో వాళ్లకి వాటా ఉందా, ఇవి తేలకుండా అంకె చూసి తలూపకు. లాయర్‌ని నువ్వే చూసుకో, వాళ్లు చూపించిన లాయర్ వద్దు. సాయంత్రంలోగా చెప్పాలి అని తొందరపెట్టేవాళ్లకి రేపటి దాకా ఆగమని చెప్పు. నిజంగా నీ మీద నమ్మకం ఉంటే ఆగుతారు.

కామెంట్ల విషయం. ఆటోట్యూన్ (గొంతు శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్) మహిమ అంటారు, ఫలానావాడి కాపీ అంటారు, పాతవాళ్లు ఇదసలు ర్యాపేనా అంటారు. జవాబివ్వకు, లైవ్‌లోకి వచ్చి అరవకు. కానీ నీ లైన్ ఒకటి తమని నొప్పించిందని మర్యాదగా చెప్పేవాళ్లుంటే కూర్చుని విను, అది వేరే సంగతి. 2019 మార్చిలో, అమెరికాలో పాటల ర్యాంకులు వేసే బిల్‌బోర్డ్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’ని కంట్రీ సంగీతం చార్ట్‌లోంచి తీసేస్తే, వారాల్లోనే కంట్రీ గాయకుడు బిల్లీ రే సైరస్‌తో రీమిక్స్ వచ్చింది, బిల్‌బోర్డ్ ప్రధాన చార్ట్ హాట్ 100లో పాట 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. నువ్వు కూడా జవాబు మైక్ ముందే చెప్పు. వ్యూస్ అంకె వదిలేసి, రీల్ చూసినవాళ్లలో ఎంతమంది పూర్తి పాటకి వస్తున్నారు, ఎంతమంది సేవ్ చేసుకుంటున్నారు, నీ పాత ఫ్రీస్టైల్స్ (అప్పటికప్పుడు అల్లి పాడినవి) ఎవరైనా వెతుక్కుంటున్నారా, అవి చూడు.

స్టేజి గురించి కాస్త గట్టిగానే చెబుతాను. రెండో వెర్స్ స్టూడియోలో ముక్కలు ముక్కలుగా పంచ్ చేశారు, అంటే రికార్డ్ చేసి అతికారు, విన్నవాడికి తెలిసిపోతోంది, ఒక లైన్ చివరి అక్షరం మీదే తర్వాతి లైన్ ఎక్కుతోంది. అలా ఏ మనిషీ ఒక్క ఊపిరిలో పాడలేడు. కాగితం మీద వెర్స్ రాసుకుని ఊపిరి ఎక్కడ పీల్చాలో గీతలు పెట్టుకో, చోటు లేని దగ్గర ఒక మాట తీసెయ్. తర్వాత నడుస్తూ పాడు, మెట్లెక్కుతూ పాడు. ఇంజనీర్‌ని అడిగి మెయిన్ వోకల్ (ప్రధాన గొంతు) తీసేసిన షో ట్రాక్ చేయించుకో, డబుల్స్ (అదే లైన్ మీద రెండోసారి పాడిన గొంతు), యాడ్‌లిబ్స్ (మధ్యలో వేసే చిన్న చిన్న అరుపులు, మాటలు) ఉంచితే చాలు. మొత్తం పాట వెనక మోగుతుంటే పెదాలు కదిపే ర్యాపర్‌ని జనం గుర్తుపెట్టుకుంటారు, కానీ మనం కోరుకున్నట్టు కాదు.

రెండో పాటకి అదే బీట్ స్పీడ్, అదే తరహా హుక్ అడుగుతారు, ఒప్పుకోకు. ఆ నాలుగు బార్లు రాసిన నీలోని మనిషితోనే రాయించు. డెమో ఎంత గరుకుగా ఉన్నా మిక్స్‌కి వెళ్లకముందే నాకు పంపు, లేబుల్ వాళ్ల డ్రాఫ్ట్ వస్తే అది కూడా పంపు, ఇద్దరం కూర్చుని లైను లైనూ చదువుదాం.

మీ అన్న