కొత్త సేల్స్ టీమ్‌కు ముందు కావాల్సింది బోణీ

ప్రశ్న: బీకాం చదివాను, వయసు 24. ఒంగోలులో వాటర్ ప్యూరిఫయర్ల కంపెనీలో రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగి అమ్ముతున్నాను. ఈమధ్యే టీమ్ లీడర్‌ని చేసి, ఎనిమిది మంది కొత్తవాళ్లను అప్పగించారు. వాళ్లలో ఇద్దరు అమ్మాయిలు. ఒకాయన నాకంటే 14 ఏళ్లు పెద్ద. మనిషికి నెలకు 12 సేల్స్ టార్గెట్. రోజూ ఉదయం మోటివేషన్ వీడియోలు చూపిస్తున్నాను, గట్టిగా మాట్లాడుతున్నాను. రెండు వారాలు గడిచినా ముగ్గురికే ఒక్కో సేల్ వచ్చింది. ఇద్దరు మానేస్తామంటున్నారు. వీళ్లలో ఉత్సాహం నింపడం ఎలా?

జవాబు: మీ వాళ్లకు ఉత్సాహం తక్కువై కాదు. ఎనిమిది మందిలో ఐదుగురికి ఇంకా బోణీ కాలేదు. పొద్దున్నే కొట్టు తెరిచి, మధ్యాహ్నం దాకా మొదటి బేరం తగలకపోతే ఆ వ్యాపారి మనసు ఎలా ఉంటుందో ఒంగోలు బజారులో ఎవరినడిగినా చెప్తారు. మీ వాళ్లు రెండు వారాలుగా అలాగే ఉన్నారు. వీడియో ఇచ్చే ఊపు నాలుగో తలుపు మొహం మీద మూసేసేసరికి దిగిపోతుంది. ఆ పైన "లోపం నాలోనే ఉందేమో" అన్న అనుమానం పట్టుకుంటుంది. అందుకని వీడియోలు ఆపేయండి. వచ్చే పది రోజులు మీకు ఒకటే పని: ఆ ఐదుగురి చేత బోణీ చేయించడం.

ముందు మీ పాత డైరీ తీయండి. మీరు సొంతంగా అమ్మిన రోజుల్లో ఎన్ని తలుపులు తడితే ఎన్ని డెమోలు దొరికాయి, ఎన్ని డెమోలకు ఒక సేల్ అయింది, లెక్క కట్టండి. ఉదాహరణకు రోజుకు 40 తలుపులు తడితే 4 డెమోలు, 8 డెమోలకు ఒక సేల్ వచ్చిందనుకోండి. అంటే రెండు రోజులకు ఒకటి, 25 పనిరోజులకు 12. రెండేళ్ల అనుభవంతో మీకు వచ్చే అంకె అది. కొత్తవాళ్లకు అందులో సగం, అంటే ఆరు వచ్చినా గొప్పే. వాళ్లకు మొదటి నెలే 12 పెడితే, పదో తారీఖుకే అందదని అర్థమైపోతుంది. అందదని తెలిశాక ఎవరూ పరుగెత్తరు. ఈ లెక్కంతా ఒక కాగితం మీద రాసి మీ మేనేజర్‌కు చూపించండి. మొదటి నెల 5, రెండో నెల 8, మూడో నెల 12 చేయమని అడగండి. నోటిమాటగా అడిగితే సాకు చెప్తున్నారనుకుంటారు. డైరీ అంకెలు ముందు పెడితే వింటారు. ఒకవేళ పైనుంచి ఒప్పుకోకపోయినా, టీమ్‌తో మాట్లాడేటప్పుడు మీరు ఈ మెట్ల లెక్కే వాడండి.

రోజువారీ అడగాల్సింది కూడా మారాలి. సేల్ మన చేతుల్లో లేదు. తలుపు తట్టడం, డెమో అడగడం మన చేతుల్లో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక చిన్న నోటుబుక్ ఇవ్వండి. వీధి, తట్టిన తలుపులు, తీసినవి, డెమోలు, మళ్లీ రమ్మన్నవి, సేల్ అని గళ్లు గీయించండి. చివరి గడిలో "వద్దు" అన్నవాళ్లు ఏ మాటతో అన్నారో ఆ మాటే రాయాలి. "మావారొచ్చాక అడిగి చెప్తా", "మాకు క్యాన్ వస్తుంది", "ఆషాఢం వెళ్లాక చూద్దాం". ఇవి పైకి ఒకేలా వినిపించినా మూడూ మూడు రకాలు. మొదటిదానికి ఇద్దరూ ఇంట్లో ఉండే ఆదివారం ఉదయం వెళ్లాలి. రెండోదానికి లెక్క చూపాలి. మూడోదానికి తారీఖు రాసుకుని శ్రావణంలో ఫోన్ చేయాలి. తేడా తెలియని కొత్తవాడికి మూడూ "నిన్ను వద్దన్నారు" అనే వినిపిస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్లతో కలిసి వీధిలోకి వెళ్తున్నారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఒక్కొక్కరితో ఒక పూట మొత్తం తిరగండి. రోజుకు ఇద్దరు చొప్పున నాలుగు రోజుల్లో ఎనిమిది మందీ అయిపోతారు. బోణీ కానివాళ్లతో ముందు వెళ్లండి. మొదటి ఐదు ఇళ్లలో మీరు మాట్లాడండి, వాళ్లు చూస్తారు. తర్వాతి ఇళ్లలో వాళ్లు మాట్లాడాలి, మీరు చూడాలి.

ఇక్కడే కొత్త లీడర్లు దాదాపు అందరూ ఒక తప్పు చేస్తారు. కుర్రాడు తడబడగానే ఆగలేక, మధ్యలో మాట అందుకుని సేల్ తామే ముగించేస్తారు. ఆర్డరు వస్తుంది, కానీ "సార్ ఉంటే తప్ప నా వల్ల కాదు" అన్న పాఠం కూడా దాంతోనే వస్తుంది. పోయే సేల్‌ను పోనివ్వండి. మరీ అవసరమైతే ముందే ఒక గుర్తు అనుకోండి. "మా సార్ ఒక మాట చెప్తారండీ" అని అతనే పిలిస్తేనే మీరు నోరు తెరవాలి. గేటు బయటికి వచ్చాక, వీధి మలుపులో నిలబడి ముందు అతన్నే అడగండి: ఏది బాగా వచ్చింది, మళ్లీ వెళ్తే ఏం మారుస్తావు అని. ఆ తర్వాత మీరు ఒక్క దిద్దుబాటే చెప్పండి. ఒక తలుపుకు ఒక్కటే. ఐదు చెప్తే ఒక్కటీ గుర్తుండదు.

ఏం గమనించాలో కూడా చెప్తాను. గుమ్మం ముందు ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వెళ్లాలి. బెల్లు కొట్టి రెండడుగులు వెనక్కి వచ్చి, ఐడీ కార్డు కనిపించేలా నిలబడాలి. తలుపుకు అతుక్కుని నిలబడితే లోపలివాళ్లు గొళ్లెం తీయడానికే జంకుతారు. డెమోకు వంటింటి కుళాయి నుంచి అర గ్లాసు నీళ్లు ఇంటావిడ చేతే పట్టించాలి. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు కూడా ఆవిడ చేతికే ఇచ్చి, అంకె కుదురుకునే దాకా ఆగాలి. తన చేత్తో చూసిన అంకెను మనిషి నమ్మినట్టు మన నోటిమాటను నమ్మదు. ధర చెప్పాక మాట్లాడకూడదు. కొత్తవాళ్లు ఆ నిశ్శబ్దం భరించలేక, ఎవరూ అడగకుండానే డిస్కౌంట్ ప్రకటించేస్తారు. లోపల ఐదు దాకా లెక్కపెట్టుకోమనండి.

క్యాన్ వస్తుందన్న ఇంట్లో టీడీఎస్ పోటీ పెట్టకండి. ప్లాంటు నీళ్లకూ తక్కువ అంకే చూపిస్తుంది, మీవాడు అక్కడే తెల్లమొహం వేస్తాడు. అక్కడ డబ్బు లెక్క చూపాలి. 20 రూపాయల క్యాన్లు నెలకు 15 అయితే 300, ఏడాదికి 3,600. దాని పక్కనే మీ మెషిన్ ధర, ఏడాదికి ఫిల్టర్లకూ సర్వీసుకూ అయ్యే ఖర్చు రాసి చూపాలి. సర్వీసు ఖర్చు దాచి అమ్మితే ఏడాది తర్వాత ఆ వీధిలో మీ కుర్రాడు తలెత్తుకుని నడవలేడు.

నిజాయితీ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే టీమ్ విరిగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఈ రంగంలో ఇప్పటికీ చాలామంది ఆ రెండు కడ్డీల డెమో చేస్తున్నారు. కుళాయి నీళ్లలో, ఆర్‌ఓ (సన్నని పొర గుండా లవణాలను వడకట్టే మెషిన్) నీళ్లలో కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు. కుళాయి నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, "ఇదంతా మీరు తాగుతున్న మురికి" అంటారు. అది మురికి కాదు. నీళ్లలో కరిగిన లవణాల వల్ల కరెంటు పారి, కడ్డీలోని ఇనుమే కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్‌ఓ నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి అదే కడ్డీలు పెడితే అవీ అలాగే తిరుగుతాయి. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లాడు ఉప్పు డబ్బా తెచ్చి ఆ పని చేసి చూపించాడంటే, మీ కుర్రాడికి ఆ ఉద్యోగంలో అదే చివరి రోజు. దొంగలా పట్టుబడ్డ మనిషిని ఏ ఇన్సెంటివ్ తోనూ మళ్లీ వీధిలోకి పంపలేరు. ఆ కిట్ మీ టీమ్‌లో ఎవరి బ్యాగులోనైనా ఉంటే ఈ రోజే తీయించండి.

ఏ నీళ్లకు ఏ మెషినో నేర్పండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే ఆధారం లేనిచోట 2,000 వరకు సరిపెట్టుకోవచ్చు. 500 కంటే తక్కువున్న నీటికి ఆర్‌ఓ వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. మున్సిపల్ నీళ్లలో అంకె 200 చూపిస్తే, "మీకు ఆర్‌ఓ అక్కర్లేదండీ, క్రిములను కాంతితో చంపే యూవీ చాలు" అనే ధైర్యం మీ వాళ్లకు ఉండాలి. ఆ ఇంటావిడే పక్కింటికి వెంటబెట్టుకుని వెళ్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే వీధుల్లో ఆర్‌ఓ న్యాయంగానే అమ్ముడవుతుంది. కనిగిరి వైపు పంపితే ఫ్లోరైడ్ గురించి తప్పకుండా అడుగుతారు. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపదు, దానికి ల్యాబ్ పరీక్షే చేయించాలి. పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. మరిగిస్తే పోదు, ఆర్‌ఓ తగ్గిస్తుంది. లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయన్నదీ వాళ్లు అడగకముందే చెప్పి, గిన్నెలకూ ఇల్లు తుడవడానికీ బకెట్లో పట్టుకోమనాలి. విషయం తెలిసినవాడి గొంతు వణకదు. కొత్తవాళ్లకు మీరివ్వగల ధైర్యంలో సగం ఇదే.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడండి. జీతం ఏ తారీఖున, పెట్రోలు ఎంత, ఇన్సెంటివ్ ఆర్డరు రోజు వస్తుందా, మెషిన్ బిగించాక వస్తుందా, ఆర్డరు రద్దయితే ఏమవుతుంది, ఒక్కొక్కరికీ కాగితం మీద రాసివ్వండి. "సేల్ చేశాను, డబ్బు రాలేదు" అన్న ఒక్క మాట టీమ్ అంతా పాకుతుంది. మీ చేతిలో చిన్న ఖర్చుకు వీలుంటే మొదటి రెండు వారాలు సేల్‌కు కాకుండా డెమోలకు ఇవ్వండి. ఆ రోజు అనుకున్నన్ని డెమోలు చేసినవాళ్లకు సాయంత్రమే చేతిలో వంద రూపాయలు పెట్టినా చాలు. మానేస్తామంటున్న ఇద్దరితో విడివిడిగా, టీ కొట్టు దగ్గర కూర్చుని మాట్లాడండి. చాలాసార్లు అసలు కారణం ఇంట్లో ఉంటుంది. "డిగ్రీ చేసి ఇంటింటికీ తిరుగుతావా" అని నాన్నో, మేనమామో అని ఉంటారు. ఆ ఇద్దరూ కంపెనీ రోల్స్‌లో ఉండి, జీతం 21 వేల లోపు అయితే ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తిస్తుందేమో హెచ్‌ఆర్‌ను అడిగి, ఉంటే ఆ కార్డు త్వరగా వచ్చేలా చూడండి. తమ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా వైద్యం అందించే కార్డు ఆ ఉద్యోగానికి ఇచ్చే గౌరవమే వేరు.

వేళలు కూడా సరిచేయండి. 10 నుంచి ఒంటిగంట వరకు, మళ్లీ నాలుగున్నర నుంచి ఏడు వరకు తిరిగితే చాలు. భోజనం, కునుకు వేళ తలుపు తడితే తిట్లే మిగులుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 8:30కే మొదలుపెట్టి 11:30కి నీడపట్టుకు చేర్చండి, బ్యాగులో ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచండి. జీతాలు పడే మొదటి పది రోజులు కొత్త వీధులు, నెలాఖరున పాత ఎంక్వైరీలు చూడండి. అరిగిపోయిన కాలనీలు కొత్తవాళ్లకు ఇచ్చి, మంచివి మీరు ఉంచుకోకండి. గృహప్రవేశం అయిన ఇళ్లు, మామిడాకుల తోరణం ఇంకా వాడిపోనివి, ముందు బోణీ కానివాళ్లకే ఇవ్వండి. అమ్మాయిలిద్దరినీ జంటగా పంపండి. ఇంట్లో ఆడవాళ్లు లేకపోతే గుమ్మం దాటకుండా మళ్లీ వస్తామని చెప్పి వచ్చేయమనండి. దానివల్ల పోయిన డెమోను లెక్కలో అడగకండి.

మీకంటే పెద్దాయనను అందరి ముందూ ఎప్పుడూ తప్పు పట్టకండి. "అన్నా" అనో, పేరు చివర "గారు" చేర్చో పిలవండి, ఆయనకు తగిన పని ఒకటి అప్పగించండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడి ఆదివారం సెల్లార్‌లో టేబుల్ వేసుకోవడానికి అనుమతి తేవడం 24 ఏళ్ల మీకంటే 38 ఏళ్ల ఆయనకు సులువు.

వాట్సాప్ గ్రూపులో ర్యాంకుల పట్టిక పెట్టకండి, మధ్యాహ్నం రెండింటికి "నంబర్ ఎంత?" అని అడగకండి. "ఈ రోజు మనవాళ్లలో ఒకరు ధర చెప్పాక మాట్లాడకుండా ఆగారు, ఆర్డరు వచ్చింది" అని ఏం చేస్తే పని అయిందో రాయండి. ఉదయం మీటింగ్ నిలబడి 15 నిమిషాలు చాలు. నిన్న నోటుబుక్‌లో ఎక్కువసార్లు వచ్చిన "వద్దు" ఏదో తీసుకుని, ఇద్దరి చేత ఇంటావిడగా, సేల్స్ మనిషిగా మాట్లాడించండి.

మీ సొంత సేల్స్ తగ్గుతాయి, దానికి సిద్ధపడండి. రేపు ఏరియా మేనేజర్ ఇంటర్వ్యూలో మీరెన్ని అమ్మారని అడగరు. మీకిచ్చిన ఎనిమిది మందిలో మూడు నెలలకు ఎందరు నిలిచారు, ఎందరు టార్గెట్ అందుకున్నారు అని అడుగుతారు. ఈ రోజు నుంచే తారీఖులతో సహా రాసిపెట్టుకోండి.

ఎనిమిది మందీ నిలవకపోవచ్చు. నెల తిరిగేసరికి నోటుబుక్‌లో వెయ్యి తలుపులు ఉండి ఒక్క సేల్ కూడా లేనివాళ్లుంటే, వాళ్లతో మరో రెండు డెమోలకు వెళ్లి చూడండి. డెమో బాగుండి ఆర్డరు దగ్గరే ఆగుతుంటే ఇంకో రెండు వారాలు ఇవ్వండి. మనుషులతో మాట్లాడడమే వాళ్లకు నరకంలా ఉంటే, సర్వీసు కాల్స్ చూసే డెస్క్‌లోనో, స్టోర్స్‌లోనో ఖాళీ ఉందేమో మీరే వెళ్లి కనుక్కోండి. ఆ తర్వాతే వాళ్లతో మాట్లాడండి.