ఫార్మాట్ ఒక్కటే దారా?

ప్రశ్న: కావలిలో మాది డీటీపీ షాపు. విండోస్ 10 అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. అప్పట్నుంచి సిస్టమ్ ‘ఆటోమేటిక్ రిపేర్’ దగ్గరే తిరుగుతోంది. ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నారు. పెళ్లి కార్డుల ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫార్మాట్ మాట అప్పుడే ఎత్తనివ్వకండి. ఆ నీలం తెరలోనే ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, అందులో ‘ట్రబుల్‌షూట్’, దాన్లో మళ్లీ ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ ఉంటాయి. మీరు ముందు నొక్కాల్సింది ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’. సగంలో ఆగింది అదే కదా! కుదరకపోతే సిస్టమ్‌ను పాత స్థితికి తీసుకెళ్లే ‘సిస్టమ్ రిస్టోర్’, అదీ అప్పటి స్థితిని దాచిన రిస్టోర్ పాయింట్ ఉంటేనే. ఇవి రెండూ మీ ఫైళ్ల జోలికి రావు.

ఆఖరున ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘కీప్ మై ఫైల్స్’. కార్డులు మిగులుతాయి గానీ పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటి ప్రోగ్రాములు ఎగిరిపోతాయి, మళ్లీ ఎక్కించుకోవాలి. రీసెట్‌కు ముందు లినక్స్ (విండోస్ బదులు నడిచే మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ బూట్ చేసి ఫైళ్లు బయటి డిస్కులోకి లాగేయండి. ముహూర్తం దగ్గర పడ్డవాళ్లకు సాకులు చెప్పలేం.