టాక్సు కట్టడానికి డబ్బు లేదని ఫైలింగ్ ఆపొద్దు

తిరుపతి కొర్లగుంట నుంచి డాలస్ వచ్చిన ఒక తమ్ముడి ప్రశ్న: "అన్నా, 7 వేల డాలర్లు టాక్సు కట్టాలని తేలింది. చేతిలో లేదు. ఈ ఏడాది టాక్సు రిటర్ను ఫైల్ చేయకపోతే ఏమవుతుంది? క్రెడిట్ స్కోరు పోతుందా?"

తమ్ముడూ, ముందు ఫైల్ చెయ్యి, డబ్బు సంగతి తర్వాత. కట్టనందుకు పెనాల్టీ నెలకు అర శాతం, ఫైల్ చేయనందుకైతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా. మిగతా రూల్స్ ఐఆర్ఎస్ (అమెరికా టాక్సు శాఖ) సైట్లో ఉన్నాయి, చదువుకో.

మాది చిత్తూరు. వచ్చిన కొత్తలో మా ఆవిడకూ ఉద్యోగం దొరికింది. జీతంలో ఎంత టాక్సు కొయ్యాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 ఫారాల్లో ఇద్దరం పనిచేస్తున్నామన్న సంగతి పట్టించుకోలేదు, దాంతో టాక్సు కోత తక్కువ పడి జీతం ఎక్కువ చేతికొచ్చేది. ఆ ఎక్కువంతా ఇంటికే పంపాను. చెల్లెలి పెళ్లి అయింది, పై అంతస్తు స్లాబు పడింది, నాయన నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాడు. ఏప్రిల్లో లెక్క చూసుకుంటే కాళ్లూ చేతులూ ఆడలేదు. భయపడి ఫైల్ చేయలేదు. ఉత్తరాలు వస్తే కవరు చింపకుండా సొరుగులో పడేశాను, ఊరికి మాత్రం నెలనెలా డబ్బు పంపుతూనే ఉన్నాను. ఆఖరికి టెన్షన్ తట్టుకోలేక బాకీ మొత్తం రెండు క్రెడిట్ కార్డుల మీద గీకేశాను.

నా స్కోరును ముంచింది ఆ కార్డులే. లిమిట్ దాకా వాడేసరికి పడిపోయింది, మినిమం కూడా కట్టలేని నెలలు వచ్చేసరికి ఇంకా దిగింది, అపార్ట్‌మెంట్ అద్దెకు అడిగితే ఇవ్వనన్నారు. టాక్సు బాకీ దానంతట అది క్రెడిట్ రిపోర్టులో కనపడదు. టాక్సు బాకీకి ఆస్తి మీద ప్రభుత్వం పెట్టే హక్కును లీన్ అంటారు. 2018 నుంచి, క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే మూడు బ్యూరోలూ ఆ లీన్‌లను కూడా చూపించడం లేదు. కార్డు బాకీ కనపడుతుంది, కార్డు వడ్డీ 20 శాతం పైనే ఉంటుంది. ఐఆర్ఎస్ వడ్డీ 2024లో 8 శాతం ఉండేది. ఏది మేలో నువ్వే చూసుకో. 50 వేల డాలర్ల లోపు బాకీకి ఆన్‌లైన్లోనే నెలవారీ వాయిదాలు పెట్టుకోవచ్చు. ఆరు నెలల్లో తీర్చగలిగితే 180 రోజుల ప్లాన్ ఉంది, దానికి సెటప్ ఫీజు లేదు. పెనాల్టీ పడ్డాక, వెనకటి మూడేళ్లు శుభ్రంగా ఉంటే, మొదటిసారి మాఫీ చేయమని అడుగు. అడగనివాళ్లే ఎక్కువ.

మీ నాయన చీటీ పాడి పంపిస్తానంటాడు, లేదా అమ్మ నగలు తాకట్టు పెడతానంటాడు. వద్దని చెప్పు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, దాన్ని తెచ్చి అంతకన్నా చాలా తక్కువ వడ్డీ ఉన్న ఐఆర్ఎస్ బాకీ తీర్చడమేంటి? ఇంటికి పంపేది కొన్నాళ్లు తగ్గిస్తానని, కారణంతో సహా, ఈ ఆదివారమే చెప్పేయ్. మీ వయసు పిల్లలకు ఇది చెప్పడమే కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. ఊళ్లో పరువు కోసం ఇక్కడ అప్పుల్లో కూరుకుపోయినవాళ్లను చాలామందిని చూశాను. పంపడం తగ్గిస్తే ప్రేమ తగ్గినట్టు కాదు.

స్కోరు ఇప్పటికే దెబ్బతిని ఉంటే ఓపిక పట్టాలి. లేటు పేమెంట్ ఏడేళ్లు రిపోర్టులో ఉంటుంది. నిజంగా జరిగినదాన్ని తీసేయిస్తామని ఫీజు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకు. తప్పుగా నమోదైతే నువ్వే ఉచితంగా డిస్‌ప్యూట్ చేయొచ్చు, రిపోర్టులు వారం వారం ఉచితంగానే దొరుకుతాయి. నేను డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకున్నాను, పాలు, పెట్రోలు తప్ప దాని మీద ఏమీ కొనలేదు, ఆటోపే పెట్టాను, లిమిట్లో మూడో వంతు దాటనివ్వలేదు. ఎవరి సాయమూ లేకుండా 700 దాటించి ఇల్లు కొన్నాను.

వచ్చే ఏడాది మళ్లీ ఇదే రాకుండా నీ జీతం కోతకు డబ్ల్యూ-4 సరిచూసుకో; మాలాగా భార్యాభర్తలిద్దరూ పనిచేస్తుంటే అందులో రెండో స్టెప్ ఇద్దరూ సరిచేయండి. తిరుపతి బ్యాంకులో ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతా) డిపాజిట్ ఉంటే దాని వడ్డీకి ఇండియాలో టాక్సు లేదు కానీ ఇక్కడి రిటర్నులో చూపించాలి, అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏ రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే రిపోర్టు) కూడా వేయాలి. వడ్డీ సర్టిఫికెట్ నెట్ బ్యాంకింగ్‌లో తీసుకో, ఎండలో మీ నాయన్ని బ్యాంకు చుట్టూ తిప్పకు.