రెండో భాగం మీద అలిగిన చెల్లికి

చెల్లీ,

నీ మెయిల్ మొత్తం చదివా, సగం తిట్లే ఉన్నాయి, అవి కూడా పాపం బాగానే రాశావ్. చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్ నవల నిద్ర మానుకుని చదివి, ఆ ఊపులోనే దాని రెండో భాగం చిల్డ్రన్ ఆఫ్ వర్చ్యూ అండ్ వెంజెన్స్ తెప్పించుకుని, దాన్ని మాత్రం పళ్ళ బిగువున పూర్తి చేశానన్నావ్. చిట్టచివర్లో ఎక్కడో ఒక లైను, "అక్కా నా కథ రెండో భాగం కూడా ఇలాగే తేలిపోతుందేమో, మొదలుపెట్టాలంటే చేతులు రావట్లేదు" అని. మెయిల్ అంతా ఆ లైను కోసమే రాశావని తెలుస్తూనే ఉందిలే. ముందు ఆ పుస్తకం సంగతి తేల్చేద్దాం, తర్వాత నీ సంగతి.

రచయిత్రి దగ్గర సరుకైపోయింది అన్నావ్ చూడు, దానికి మాత్రం నేను ఒప్పుకోను. టోమీ అడెయేమీ మొదటి పుస్తకం 2018 మార్చిలో వచ్చేటప్పటికి ఆవిడకి పాతికేళ్ళు కూడా నిండలేదు. అచ్చు కాకముందే సినిమా హక్కులు అమ్ముడైపోయాయి. రెండోది 2019 మార్చిలో రావాల్సింది డిసెంబర్ దాకా జరిగింది, మూడోది వచ్చేసరికి 2024 జూన్. ఆ డేట్లు చూస్తే నీకేమనిపిస్తుందో గానీ, నాకైతే మొదటి పుస్తకం ఎప్పుడు అని ఎవరూ అడగరు, రెండోదానికి మనం రాయకముందే డేట్ రాసేస్తారు అనిపిస్తుంది. నీకూ అంతే కదా, నువ్వు కథ రాసే యాప్‌లో మొదటి భాగం ఆఖరి ఎపిసోడ్ పడిన మర్నాటి నుంచే కామెంట్లలో నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు అని ఒకటే గోల.

సరే, అసలు ఐడియా దగ్గర ఆవిడ తప్పేం చెయ్యలేదు, నువ్వు కోపంలో అది చూడలేదు. మొదటి పుస్తకం ఆఖరి సీన్ గుర్తు తెచ్చుకో. ఒరీషా రాజ్యంలో (మన ఒరిస్సా కాదు తల్లీ, యోరుబా దేవతల పేరు మీద పెట్టిన రాజ్యం) తెల్ల జుట్టు అంటే మాయాశక్తి ఉన్న జాతి అని గుర్తు, రాజు సరాన్ వాళ్ళనే కదా చంపించింది. కథానాయిక జెలీ, పోయిన మాయని తిరిగి తెచ్చే పూజ పూర్తి చేసి కళ్ళు తెరిచి మాయ తిరిగొచ్చిందా అని అడుగుతుంది, ఎవరూ సమాధానం చెప్పరు, చూస్తే రాజు కూతురు అమారీ నల్లటి జుట్టులో ఒక తెల్ల పాయ. అక్కడితో పుస్తకం అయిపోయింది. అంటే అణగారిన వాళ్ళ కోసం తెచ్చిన శక్తి అణగదొక్కిన వాళ్ళకీ వచ్చేసింది. రెండో పుస్తకంలో రాజవంశం, సైన్యం టైటాన్లయిపోయి (అంటే అలా కొత్తగా మాయాశక్తి వచ్చినవాళ్ళు) ఎదురు నిలబడతారు. గెలిచిన గెలుపే మెడకి చుట్టుకుంది, ఇంతకంటే మంచి సీక్వెల్ ఐడియా ఇంకేం కావాలి చెప్పు, నాకొస్తే నేనే రాసుకునేదాన్ని.

మరి ఎక్కడ చెడింది అంటే మనుషుల దగ్గర. లాగోస్ సంతలో పారిపోతున్న అమారీ జెలీ చెయ్యి పట్టుకున్న దగ్గర్నుంచి మొదటి పుస్తకమంతా వాళ్ళిద్దరి మధ్య నమ్మకం ఎలా పుట్టిందన్నదే కదా. రాజు కూతురంటే అసహ్యించుకున్న పిల్ల చివరికి దాన్ని తోబుట్టువులా చూసుకుంది, ఆ రాజు కూతురు కన్నతండ్రినే చంపింది. ఇంత దూరం నడిపించుకొచ్చి రెండో పుస్తకంలో వైకుంఠపాళీలో పెద్దపాము మింగినట్టు మళ్ళీ అనుమానం, మళ్ళీ అలక. ఇద్దరూ ఒక పూట కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే గొడవ, మాట్లాడబోయే టైంకి ఎవడో ఒకడు దాడి చేస్తాడు. పైగా ఒక చాప్టర్ జెలీ చెప్తుంది, ఒకటి అమారీ, ఒకటి అమారీ అన్న ఇనాన్, కాబట్టి పాఠకుడికి ముగ్గురి మనసుల్లో ఏముందో తెలుసు, వాళ్ళకే తెలీదు. ఈ టెక్నిక్ వల్లే మొదటి పుస్తకం పరిగెత్తింది, ఇక్కడ అదే మనకి విసుగు తెప్పించింది, ఎందుకంటే అపార్థం అని మనకి ముందే తెలిసిపోయాక ఇక ఎన్ని పేజీలు లాగినా టెన్షన్ రాదు, కోపం వస్తుంది. ఇనాన్ సంగతి చెప్పక్కర్లేదు, మొదటిసారి ఊగిసలాడితే అది వాడి స్వభావం అనుకున్నాం, రెండోసారి అదే ఊగిసలాట అంటే కథకి అవసరం కాబట్టి ఊగుతున్నాడని తెలిసిపోతుంది. చివర్లో అమారీ ఒక ఊరు ఊరంతా బలిచ్చే నిర్ణయం తీసుకుంటుంది కదా, అది ఎంత పెద్ద విషయం! తండ్రిని చంపిన పిల్ల తండ్రిలా తయారవ్వడం. కానీ ఒక్క క్షణమైనా నేనైనా ఇదే చేసేదాన్నేమో అని మనకి అనిపించాలి, అనిపించలేదు, ఆ మెట్లు కట్టాల్సిన పేజీలన్నీ అలకలకే అయిపోయాయి.

ఆఖర్న జెలీ ఓడలో బందీగా కళ్ళు తెరుస్తుంది, అక్కడ నువ్వు పుస్తకం విసిరేశానన్నావ్. సస్పెన్స్‌తో ఆపినందుకు కాదులే నీ కోపం, కట్టప్ప ఎందుకు చంపాడో అని 2015 నుంచి 2017 దాకా జనం ఆగారు, ఎవరూ ఏమీ విసరలేదు. చంపినవాడూ చచ్చినవాడూ మనకి తెలిసినవాళ్ళు, ప్రశ్న కథలోంచే పుట్టింది. ఇక్కడ అప్పటిదాకా నడిచిన అంతర్యుద్ధం లెక్క తేలకుండానే బయటినుంచి ఎవరో వచ్చి ఎత్తుకుపోయారు.

ఇప్పుడు నీ కథ. నువ్వు పంపిన అవుట్‌లైన్ చూశా. లంకలో పిల్ల, దాని మాట వినే గోదారి, మొదటి భాగం ఆఖర్న గట్టు తెగకుండా పాయని ఆపేసింది, బాగుంది. కానీ రెండో భాగంలో ఆ సరంగు కొడుకు మళ్ళీ దాన్ని మంత్రగత్తె అని అనుమానిస్తాడని రాశావ్. ఎందుకనుమానిస్తాడు? వరద రాత్రి పడవలో దాని పక్కనే ఉన్నాడు, కళ్ళారా చూశాడు, నువ్వే నాలుగు ఎపిసోడ్లు రాశావ్ ఆ రాత్రి గురించి. వాడు చూసింది నువ్వు చెరిపెయ్యకు. నీకు గొడవ కావాలంటే నీ గట్టు దగ్గరే ఉంది, పాయ ఆపేస్తే కింది లంకలకి నీళ్ళేవి? వాడి అక్కని అక్కడే ఇచ్చారని పదో ఎపిసోడ్‌లో రాసి నువ్వే మర్చిపోయావ్. అక్క వాళ్ళ అరటితోట ఎండిపోతోంది, బోరులో ఉప్పునీళ్ళు పడుతున్నాయి. ఆ పిల్ల మీద వాడికి నమ్మకం ఇసుమంత కూడా తగ్గలేదు, అయినా వచ్చి పాయ వదలమని అడుగుతాడు, వదిలితే ఇటు ఊరు మునుగుతుంది. ఇద్దరూ మనసులో ఉన్నదంతా పైకి చెప్పేసుకున్నా తెగని తగువు అది. అలాంటిది దొరికాక అపార్థాలతో పనేముంది?

కాబట్టి అవుట్‌లైన్ పక్కన పెట్టి ఒక పని చెయ్. నీ నలుగురు మనుషుల పేర్లు రాసుకుని, మొదటి భాగం అయ్యేసరికి ఎవరికి ఏం తెలుసో, ఎవరు ఎవరికి ఎంత రుణపడి ఉన్నారో రాయి. అందులో ఏది వెనక్కి తీసుకోవాలన్నా దానికి కథలో ఒక సంఘటన జరగాలి, నీకు ప్లాట్ కావాలని మాత్రం తీసుకోకు. వాళ్ళిద్దరూ రేవు దగ్గర మాట్లాడుకునే సీన్ ముందు రాసెయ్, మధ్యలో ఎవరూ రాకూడదు, ఫోన్ మోగకూడదు, వాన కూడా పడకూడదు. అది రాశాక నాకు పంపు, ఫైల్ పంపితే చాలు, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకు, నా కళ్ళకి ఆనవు. కామెంట్లలో అడిగేవాళ్ళకి సంక్రాంతి తర్వాత అని చెప్పు, ఏ సంక్రాంతో చెప్పకు.

ఉంటా,
అక్క