మొదటి పిస్టల్: ఏది కొనాలి, వెంట పెట్టుకుని తిరగాలా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చింది. ఒక గ్యాస్ స్టేషన్‌లో పార్ట్‌నర్‌ని, రాత్రి పదకొండు దాటాక స్టోర్ మూసి ఆ రోజు క్యాష్ తీసుకుని ఇంటికొస్తాను. టెక్సస్‌లో లైసెన్స్ కూడా అక్కర్లేదు, గన్ కొనుక్కుని నడుముకి పెట్టుకో అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇంట్లో ఆరేళ్ళ బాబు, మూడేళ్ళ పాప ఉన్నారు, మా ఆవిడ అసలు వద్దంటోంది. హెచ్1బి మీద ఉన్న మా బావమరిది కూడా మాతోనే ఉంటాడు. ఏది కొనమంటారు? క్యారీ చేయమంటారా? (ఒక పాఠకుడు)

జవాబు: ఇంట్లో గన్ ఉంచుకోవడం, దాన్ని నడుముకి పెట్టుకుని జనంలో తిరగడం, ఈ రెండూ విడివిడిగా తేల్చుకోవాల్సినవండీ. ఇంట్లోకి కొనాలనుకుంటే కొనండి, నేర్చుకుని, తాళం వేసి ఉంచుతానంటేనే. వెంట పెట్టుకోవడం మాత్రం ఇప్పుడే వద్దు. ఎందుకో చెప్తాను.

కొనడం చాలా తేలిక. ఇరవై ఒకటి నిండి ఉండాలి, షాపులో 4473 అనే ఫారం నింపాలి, మీ గ్రీన్ కార్డ్ నంబర్ అందులో రాయాలి, వాళ్ళు ఎఫ్‌బీఐ సిస్టమ్‌లో చెక్ చేస్తారు. టెక్సస్‌లో వెయిటింగ్ పీరియడ్ లేదు కాబట్టి చాలాసార్లు అదే రోజు చేతికిచ్చేస్తారు. ఫారంలో అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం. గంజాయి తీసుకుంటారా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది, కొన్ని రాష్ట్రాల్లో అది లీగల్ అయినా సరే, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

డబ్బు కట్టే ముందు గన్‌లు అద్దెకిచ్చే ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్ళండి, డాలస్ చుట్టూ చాలా ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకుని గ్లాక్ 19, సిగ్ పి365, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ లాంటివి ఒకదాని తర్వాత ఒకటి పేల్చి చూడండి. అన్నీ 9 ఎంఎం బుల్లెట్ సైజులోనే చూడండి, మొదటి గన్‌కి అది చాలు, బుల్లెట్లు కూడా మిగతావాటితో పోలిస్తే చవకే. కొత్తవాళ్ళు అందరూ చేసే పని ఏంటంటే చొక్కా కింద కనపడదని అన్నిటికంటే చిన్నది ఎంచుకుంటారు, కానీ గన్ ఎంత చిన్నదైతే చేతిలో అంత ఎక్కువ ఎగురుతుంది, చిటికెన వేలు ఆనడానికి చోటుండదు, నాలుగు సార్లు పేల్చేసరికి ప్రాక్టీస్ అంటేనే విసుగొస్తుంది. ఆడవాళ్ళు వెళ్తే కౌంటర్‌లో కుర్రాడు "ఇది సింపుల్ అండీ" అని పాయింట్ 38 చిన్న రివాల్వర్ చేతిలో పెడతాడు. దాని ట్రిగ్గర్ బరువు, బ్యారెల్ పొట్టి, తగలాల్సిన చోట తగలడం కష్టం, నా దృష్టిలో అది బాగా అనుభవం ఉన్నవాళ్ళు వాడాల్సిన వస్తువు. మీ ఆవిడనీ ఒకసారి రేంజ్‌కి తీసుకెళ్ళండి. వద్దంటే వద్దు, బలవంతం చేయకండి, కానీ ఇంట్లో ఉన్న గన్‌ని ఖాళీ చేయడం ఆవిడకి కూడా తెలియాలి. స్లైడ్, అంటే గన్ మీద ముందుకీ వెనక్కీ జరిగే పై భాగం, వెనక్కి లాగడం కష్టంగా ఉంటే షీల్డ్ ఈజెడ్ అని ఒక మోడల్ ఉంది, దాని స్ప్రింగ్ మెత్తగా ఉంటుంది.

ఖాళీ చేయడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా ప్రమాదాలు ఇక్కడ జరుగుతాయి. బుల్లెట్లుండే మ్యాగజైన్ తీసేశాం కదా, ఇక ఖాళీయే అనుకుంటారు. లోపల ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో బుల్లెట్ పేలే చోట, ఒక బుల్లెట్ అలాగే ఉండిపోతుంది. గ్లాక్ లాంటి వాటిని క్లీనింగ్ కోసం విడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి, ఆ ఒక్క బుల్లెట్ పేలేది అప్పుడే. అందుకని గొట్టం మనుషుల వైపు లేకుండా పట్టుకుని, ముందు మ్యాగజైన్ తీయండి, ఆ తర్వాతే స్లైడ్‌ని రెండు మూడు సార్లు పూర్తిగా లాగండి, వెనక్కి లాక్ చేసి ఛాంబర్‌లోకి కళ్ళతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. ఈ వరస తప్పి ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే కొత్త బుల్లెట్ లోపలికి ఎక్కి కూర్చుంటుంది.

రేంజ్‌లో మామూలు బుల్లెట్లు వాడండి, ఇంట్లో హాలో పాయింట్ ఉంచండి, అంటే మొన గుంటగా ఉండి, తగలగానే విచ్చుకుని మరీ లోతుకి పోని రకం. అయినా ఇక్కడి ఇళ్ళ గోడలు చెక్క ఫ్రేమ్‌కి కొట్టిన జిప్సమ్ షీట్లు, హాలో పాయింట్ కూడా వాటిని దాటి పక్క గదిలోకి, అపార్ట్‌మెంట్ అయితే పక్కింట్లోకి పోతుంది. మీ బెడ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి, పిల్లల గది ఎటువైపుందో, కాలిస్తే ఎటు పోతుందో గన్ కొనకముందే చూసుకోండి.

మూడేళ్ళ పాప ఉన్న ఇంట్లో గన్‌ని చీరల మడతల్లో, అల్మారా పై అరలో దాచడం కుదరదు. పిల్లలు కుర్చీ లాక్కుని ఎక్కుతారు. లోడ్ చేసిన గన్ పదిహేడేళ్ళలోపు పిల్లలకి అందేలా నిర్లక్ష్యంగా వదిలితే టెక్సస్‌లో అది నేరం కూడా. గోడకో మంచానికో బిగించిన చిన్న సేఫ్ కొనండి. బటన్ కోడ్‌ది అయితే చాలు. ఆ కోడ్ మీ బావమరిదికి చెప్పకండి, అతని మీద అనుమానంతో కాదు. హెచ్1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర గన్ గానీ బుల్లెట్లు గానీ ఉండటం ఫెడరల్ నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. ఇంకొకటి, ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం పోయో, మరో కారణంతోనో మనసు బాగోకపోతే ఆ రోజే గన్ ఇంట్లోంచి పంపించేయండి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అలాంటి కష్టంలో ఉన్నవాళ్ళ కోసం పెట్టిన 988కి ఫోన్ చేస్తే ఏ వేళప్పుడైనా మాట్లాడతారు.

ఇక క్యారీ సంగతి. మీ ఫ్రెండ్స్ చెప్పింది నిజమే, 2021 సెప్టెంబర్ 1 నుంచి అర్హత ఉన్న ఇరవై ఒకటి దాటినవాళ్ళకి టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదు. కానీ స్కూల్ చుట్టూ వెయ్యి అడుగుల లోపల గన్ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి అందులో వెసులుబాటు ఉంది. రోజూ బాబుని స్కూల్ దగ్గర దింపే తండ్రికి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి చేయాలనుకుంటే ముందు ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ) అనే టెక్సస్ లైసెన్స్ తీసుకోండి, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, యాభై బుల్లెట్ల షూటింగ్ టెస్ట్, ఫీజు 40 డాలర్లు. క్లాసులో చట్టం చెప్తారు, ఆ టెస్ట్‌లో మీ గురి ఎంతో మీకే తెలుస్తుంది. అయినా ఆ లైసెన్స్ న్యూజెర్సీలో చెల్లదు, ఎడిసన్‌లో చుట్టాలింటికి వెళ్తూ తీసుకెళ్తే జైలే.

మీ రోజు ఎలా గడుస్తుందో చూడండి. స్కూల్ లోపలికి తీసుకెళ్ళకూడదు, పోస్టాఫీసులో కూడదు, 51 శాతం అని ఎర్ర బోర్డున్న బార్‌లో కూడదు, గుడి వాళ్ళు బోర్డు పెట్టినా నోటితో చెప్పినా కూడదు. అంటే ప్రతిచోటా నడుము నుంచి తీసి కారులో పెట్టడం, మళ్ళీ పెట్టుకోవడం. తీసి పెట్టిన ప్రతిసారీ ప్రమాదానికి అవకాశం, కారు అద్దం పగలగొట్టిన ప్రతి దొంగకీ ఒక గన్ దొరికే అవకాశం.

స్టోర్‌ని దోచుకోవడానికి వచ్చినవాడు గన్ చేతిలో పట్టుకునే వస్తాడు, మీది చొక్కా కింద ఉంటుంది. క్యాష్ కోసం వచ్చినవాడికి క్యాష్ ఇచ్చి పంపండి. డ్రాప్ సేఫ్, అంటే క్యాష్ లోపల వేయడమే తప్ప వెంటనే తీయడం కుదరని సేఫ్, పెట్టించండి, ఒక్కరే మూయకండి, రాత్రి క్యాష్ ఇంటికి తేవడం మానేసి పగలు వేర్వేరు వేళల్లో బ్యాంకుకి వెళ్ళండి, పార్కింగ్‌లో లైట్లు పెంచండి. నడుముకి పెట్టుకున్న పిస్టల్ కంటే ఇవి మిమ్మల్ని బాగా కాపాడతాయని గట్టిగా నమ్ముతున్నాను.

ఇవన్నీ చేశాక, కొన్ని నెలలు రేంజ్‌కి వెళ్ళాక, మీ ఆవిడ కూడా సరేనంటే అప్పుడు పెట్టుకోండి. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేసే గట్టి హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే తొడుగు) కావాలి, ఒంటి మీదే ఉండాలి, బ్యాగులో కాదు. 2014 డిసెంబర్‌లో ఐడహో రాష్ట్రంలో ఒక స్టోర్‌లో రెండేళ్ళ బిడ్డ తల్లి పర్సులోంచి పిస్టల్ తీస్తే అది పేలి ఆ తల్లి చనిపోయింది. మందు తాగే రోజు గన్ సేఫ్‌లోనే.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. రాత్రిపూట పార్ట్ టైమ్ చేసి వస్తాడు. రూమ్‌మేట్స్‌తో రేంజ్‌కి వెళ్ళి ఫొటోలు పెట్టాడు, గన్ కొంటానంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: అమ్మా, స్టూడెంట్ వీసా మీద కొనకూడదు, ఉంచుకోకూడదు, రేంజ్‌లో సరదాకి పట్టుకున్నా చట్టం దృష్టిలో చిక్కే. ఆ ఫొటోలు ముందు తీసేయమనండి. గ్రీన్ కార్డ్ ఉన్న ఫ్రెండ్ ఎవరైనా అతని కోసం కొనిపెడితే ఆ ఫ్రెండ్‌కి పదిహేనేళ్ళ వరకు శిక్ష పడొచ్చు, మీవాడి వీసా, చదువు రెండూ పోతాయి. 2024 నవంబర్‌లో అట్లాంటాలో తెలంగాణ కుర్రాడొకడు తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడని పేపర్లలో వచ్చింది, మీరూ చదివే ఉంటారు. కోప్పడకుండా మాట్లాడండి. రాత్రి ఎలా ఇంటికి చేరుతున్నాడో అడగండి, క్యాంపస్‌లో రాత్రిపూట తోడొచ్చే సర్వీస్ ఉందేమో కనుక్కోమనండి, వేళ మార్చుకునే వీలుంటే మార్చుకోమనండి.

ప్రశ్న: వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాం. మావారు రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాక్‌ప్యాక్‌నే ప్రయాణానికీ వాడతారు. ఏమైనా ఇబ్బందా? (ఒక పాఠకురాలు, హ్యూస్టన్)

జవాబు: చాలా ఇబ్బంది. ఆ బ్యాగు ఇంట్లో వదిలేసి వేరేది కొనండి. పక్క జేబు కుట్టులో ఒక్క బుల్లెట్ ఇరుక్కున్నా ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో పడుతుంది, ఇండియాలోని ఆయుధాల చట్టం 1959 బుల్లెట్లకి కూడా వర్తిస్తుంది. తెలియకుండా వచ్చిందని కోర్టులు కేసులు కొట్టేసిన సందర్భాలున్నాయి, కానీ అప్పటికి ఫ్లైట్, సెలవు, డబ్బు అన్నీ పోయి ఉంటాయి. రేంజ్‌కి వేసుకెళ్ళే జాకెట్ జేబులు కూడా తిరగేసి చూడండి.